ముందు నడిచిన డిటెక్టివ్

డిటెక్టివ్ అన్నవాడు అనుమానం ఉన్న మనిషి వెనకాల నడుస్తాడని అందరికీ తెలుసు. మన డిటెక్టివ్ ముందు నడిచేవాడు. ఇదెక్కడి చోద్యం అని ముక్కున వేలేసుకునే ముందు కాస్త ఆగండి. అది ఆయన సరదాకి పెట్టుకున్న పద్ధతి కాదు, పద్నాలుగేళ్ల ఉద్యోగం నేర్పిన విద్య.

ఆ పద్నాలుగేళ్లూ ఆయన ఒక ఆరంతస్తుల బీమా ఆఫీసులో లిఫ్టు నడిపాడు. అప్పటి లిఫ్టులకు బొత్తాం నొక్కితే తమంతట తాము పోయే తెలివి లేదు. లోపల తలుపు పక్కన ఒక మనిషి ముక్కాలిపీట మీద కూర్చుని ఇత్తడి పిడి తిప్పుతూ ఉండాలి. ముఖం తలుపుకి, వీపు జనానికి. ఎక్కేవాళ్లు కాగితాలు చూసుకుంటూ ఎక్కేవారు, దిగేవాళ్లు వాచీ చూసుకుంటూ దిగేవారు. మధ్యలో వాళ్లు చూడ్డానికి ఆయన మెడ వెనక భాగం ఒక్కటే ఉండేది. ఆయనకేమో వాళ్ల చప్పుళ్లు మిగిలేవి. బూటు చప్పుడు విని మనిషెవరో చెప్పేవాడు, దగ్గు విని ఏ అంతస్తో చెప్పేవాడు. సెలవు అడగబోయేవాడు మడమ నేలకు ఆనించడట, సెలవు దొరికినవాడు రెండు కాళ్లూ ఒకేసారి ఆనిస్తాడట. ఇలాంటి సంగతులు ఆయన దగ్గర బోలెడు ఉండేవి. వినేవాళ్లే లేరు, భార్య తప్ప. ఆవిడ కూడా వంట చేస్తూ సగం వినేది.

ఒక ఆదివారం ఆయన భార్యతో కలిసి పార్కులో నడుస్తుంటే ఆఫీసు మేనేజరుగారు ఎదురయ్యారు. రోజుకు నాలుగుసార్లు లిఫ్టెక్కే మనిషి. ఈయన టోపీ తీసి, ముఖమంతా నవ్వు చేసుకుని పలకరించాడు.

"ఎవరండీ మీరు?" అన్నారు మేనేజరుగారు.

"నేనండీ."

"నేనంటే?"

పక్కన భార్య నిలబడి చూస్తోంది. ఏం చెయ్యాలో తోచక ఆయన గిరుక్కున తిరిగి వీపు చూపించాడు.

"ఓహో, మన లిఫ్టా! ఏమోయ్, బాగున్నావా?" అంటూ మేనేజరుగారు ఆ వీపునే ఆప్యాయంగా తట్టి వెళ్లిపోయారు.

భార్య పార్కు గేటు దాకా నవ్వు బిగబట్టుకుంది. గేటు దాటాక ఆవిడ వల్ల కాలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. పద్నాలుగేళ్లు ఒక మనిషిని కిందికీ పైకీ మోసుకు తిరిగితే, ఆ మనిషికి ఈయన ముక్కు ఎలా ఉంటుందో తెలియదు. నిజానికి ఇందులో నవ్వడానికేమీ లేదు. ఆయన మనసు బాగా కష్టపెట్టుకున్నాడు. మూడు రోజులు సరిగ్గా తినలేదు, నాలుగో రోజు భోజనం దగ్గర చేయి కడిగేసుకుంటూ అన్నాడు:

"నా ముఖం ఎవరికీ గుర్తుండదంటే దానికో అర్థం ఉండాలి కదా. నేను డిటెక్టివ్ పనికే పుట్టానేమో."

"డిటెక్టివా? నెత్తి మీద కళ్లజోడు పెట్టుకుని, అదెక్కడుందో వెతకమని నన్ను పిలిచే మీరా?"

అయినా ఆయన చెట్టెక్కి కూర్చున్నాడు, దిగనన్నాడు. చివరికి మేనేజరుగారు మూడు నెలలు సెలవిచ్చి, అప్పటిదాకా పీట ఖాళీగా ఉంచుతాం, ఆ తర్వాత వేరేవాడిని పెట్టుకుంటాం అన్నారు. భార్య కూడా ఒక షరతు పెట్టింది. "మూడు నెలల్లో ఒక్కటంటే ఒక్క కేసు తేల్చండి. తేలిందని ఆ వచ్చినవాళ్ల చేత కాగితం మీద రాయించుకు రండి. అది తెస్తే ఇంక నేను నోరెత్తను. తేలేదా, ఒకటో తారీకున నోరెత్తకుండా వెళ్లి ఆ పీట మీద కూర్చోవాలి." ఆయన సరేనన్నాడు. ఇక నుంచి మనం కూడా ఆయన్ని డిటెక్టివ్ అనే అందాం, ఆయన లోకాన్ని అడిగింది అంతే కదా.

ఆఫీసు గది బావమరిది ఇచ్చాడు. బావమరిది పళ్ల డాక్టరు. తన గదికి మధ్యలో ఒక మందపాటి తెర కట్టి, ఇటు సగం బావకి వదిలిపెట్టాడు. ఇటు వైపు ఒక బల్ల, రెండు కుర్చీలు, సొరుగులో ఒక సీసా. డిటెక్టివుల సొరుగుల్లో సీసా ఉండాలని ఆయన ఎక్కడో విన్నాడు, అందుకని దగ్గు మందు పెట్టాడు. నోట్లో పైపు ఉండేది, పొగ పడదు కనుక పొగాకు ఉండేది కాదు. ఒంటి మీద బావమరిదికి పట్టక పక్కన పడేసిన పొడుగు కోటు. అది ఈయనకి మడమల దాకా వచ్చి, ఆయన నడుస్తుంటే రోడ్డు కూడా కాస్త శుభ్రపడేది.

తెరకు అటు వైపు నుంచి మాత్రం రోజంతా "అమ్మో! ఆగండి, చెప్తాను, చెప్తాను!" అనే కేకలు వచ్చేవి. ఏ పన్ను నొప్పో చెప్తానని ఆ మనిషి గోల. ఇటు కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఆ సంగతి ఏం తెలుసు? ఈ డిటెక్టివ్ తాలూకు మనుషులు అవతల ఎవరి చేతో నిజం కక్కిస్తున్నారనుకుని గజగజలాడేవారు. ఇద్దరైతే అడక్కుండానే తమ తప్పులు తామే ఒప్పేసుకుని మెట్లు దిగి పారిపోయారు. అవి కేసుల కిందకి రావని భార్య కొట్టిపారేసింది.

ముందు నడిచే పద్ధతిలో మొదటి మూడు కేసులూ తుస్సుమన్నాయి. వెనక బూటు చప్పుడు వింటూ ముందు నడవడం గొప్ప ఉపాయమే, ఎవరూ అనుమానించరు. కాని వెనకవాడు సందు తిరిగితే ముందువాడికి తెలియాలి కదా. ఒకసారి డిటెక్టివ్ టకటక చప్పుడు చెవిన వేసుకుంటూ ఊరి చివర ఇటుక బట్టీల దాకా నడిచి, దొరికావురా అనుకుంటూ తిరిగి చూస్తే వెనక ఒక మేక ఉంది. పైగా ఆ మేక ఆయన కోటు అంచు నములుతూ ఇంటి దాకా వచ్చింది.

ఇలా రోజులు దొర్లి ఒకటో తారీకు పన్నెండు రోజుల దూరంలోకి వచ్చింది. అప్పుడొచ్చింది నాలుగో కేసు.

డిటెక్టివుల దగ్గరికి ముసుగు వేసుకున్న అందగత్తెలు వస్తారని ఆయన ఆశ. వచ్చింది యాభై ఏళ్ల మనిషి, చంకలో గోడ గడియారం. పళ్ల డాక్టరుగారి గడియారం బాగు చేయించి తెచ్చి, బోర్డు చూసి ఇటు తిరిగింది. డిటెక్టివ్ అలవాటు కొద్దీ ఆవిడకి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుని "చెప్పండి" అన్నాడు. ఎదురుగా ముఖం చూస్తూ మాట్లాడాలంటే ఆయనకి మాటలు తడబడేవి. వచ్చినవాళ్లు అదేదో లోతైన పద్ధతి అనుకునేవారు.

"నాకు గడియారాల షాపుందండీ. మా నాన్నగారిది. మా ఆయన వెనక బల్ల దగ్గర బాగుచేత చూస్తారు, నేను ముందు కౌంటర్లో కూర్చుంటాను. ఇరవై రెండేళ్లుగా ఇదే మా సంసారం. నెల్లాళ్ల నుంచి రోజూ నాలుగింటికి పది నిమిషాలుందనగా బయటికి పోతున్నారు. ఎక్కడికంటే 'ఇక్కడికే' అంటారు. వచ్చేది ఒకరోజు ఐదుంబావుకి, ఒకరోజు ఆరున్నరకి. గడియారాలు బాగుచేసే మనిషి టైము మర్చిపోయే చోటు ఏముంటుందండీ?"

"వాచీ పెట్టుకుని పోతారా?"

"అదేనండీ నా ఏడుపు! తీసి సొరుగులో పడేసి మరీ పోతున్నారు. మగవాడు వాచీ తీసేసి ఎక్కడికి పోతాడు, మీరే చెప్పండి."

డిటెక్టివ్ చాలాసేపు ఆలోచించాడు. "స్నానానికి" అన్నాడు.

అంతలో తెర వెనక నుంచి "అయ్యో, చెప్తాను, వదలండి!" అని ఒక కేక. ఆవిడ ముఖం తెల్లబోయింది. "మా ఆయన్ని మాత్రం కొట్టకండి బాబూ. సుకుమారం మనిషి" అని చెప్పి గడియారం అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు మూడు ముప్పావుకి డిటెక్టివ్ షాపు ముందు వీధి దీపానికి ఆనుకుని నిలబడ్డాడు. నాలుగింటికి పది నిమిషాలుండగా తలుపు గంట మోగింది. బూట్లు మెట్లు దిగాయి. ఎడమది కిర్రుమంటుంది, కుడి మడమకి మేకు లేచింది. కిర్రు, టక్. కిర్రు, టక్. చెవులున్నవాడికి అంతకంటే ఏం కావాలి? డిటెక్టివ్ వెనక్కి చూడకుండా ముందు నడక మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి ఆయన అదృష్టం తిరిగిపోయింది. వెనకవాడు ఎటు తిరుగుతాడో ఆయనకి ముందే తెలిసిపోతోంది! కూరగాయల బజారు దగ్గర 'ఎడమకు తిరుగుతాడు' అనిపించి ఈయన ఎడమకు తిరిగితే, కిర్రు టక్ కూడా ఎడమకే తిరిగింది. 'ఇప్పుడు ట్రాం పట్టాలు దాటుతాడు' అనుకుని ఈయన దాటితే అదీ దాటింది. నాలుగున్నర అయ్యేసరికి, బావమరిది ఐదుంబావుకి గదికి తాళం వేసేస్తాడు కనుక, 'ఇక వెనక్కి మళ్లుతాడు' అనుకుని మళ్లాడు. ఆశ్చర్యం చూడండి, అతనూ మళ్లాడు. డిటెక్టివ్ ఛాతీ ఉబ్బి కోటు మొదటిసారి ఒంటికి సరిపోయింది.

మూడో రోజు అగ్నిమాపక కేంద్రం ముందు ఈయన బూటు తాడు ఊడింది. వంగి కట్టుకుంటుంటే వెనక చప్పుడు కూడా ఆగింది. 'ఘటికుడు, నిలబడి ఫైరింజన్లు లెక్కపెడుతున్నాడు' అని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. నాలుగో రోజు గ్రంథాలయంలోకి ముందు వాకిలిన దూరి వెనక వాకిలిన బయటపడటం. ఐదో రోజు వాన చినుకులు పడితే ఈయన పక్కనున్న దుకాణంలోకి గభాల్న దూరాడు. లోపల చూస్తే అన్నీ ఉయ్యాలలు. కిర్రు, టక్ అంటూ ఆ బూట్లు కూడా లోపలికి వచ్చాయి. ఇద్దరూ వాన వెలిసేదాకా ఉయ్యాలల మధ్య అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు నిలబడ్డారు. డిటెక్టివ్ పుస్తకం తీసి 'ఉయ్యాలల దుకాణం, ఇరవై నిమిషాలు' అని రాశాడు.

ఆరో రోజు రిపోర్టు తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టాడు. షాపావిడ నిలబడి చదివింది. బజారు దగ్గర కనుబొమ్మలు ముడిచింది, ఇంజన్ల దగ్గర పెదవి విరిచింది, ఉయ్యాల దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో కూలబడింది.

"ఉయ్యాలా? మాకు పిల్లలే లేరు. ఉయ్యాల ఎవరి కోసమండీ?"

డిటెక్టివ్ గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు.

"అర్థమైంది లెండి. ఇంకో సంసారం పెట్టాడు. ఇరవై రెండేళ్లు!" ఆవిడ ఏడవలేదు, పళ్లు బిగించింది. "రేపు సాయంత్రం మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోతాను. షాపు మూసేస్తాను. మీ పని మీరు చేశారు. నేనేమైనా రాసివ్వాలా?"

ఆయన కాగితం తీసి ఇచ్చాడు. 'కేసు తేలింది' అని రాసి సంతకం పెట్టి ఇచ్చిందావిడ. మూడు నెలలుగా కలలోకి వచ్చిన కాగితం అది. దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే ఎందుకో ఆయన అడుగులు చురుగ్గా పడలేదు.

భార్య కాగితం చదివింది. కిటికీ దగ్గర కూర్చుని ఆయన కోటుకి ఊడిన బొత్తాం కుడుతూ, ఆరు రోజుల కథా మొదటి నుంచి చెప్పించుకుంది. ఈసారి పూర్తిగా వింది. విన్నాక సూది ఆపింది.

"ఉయ్యాలల దుకాణంలోకి ముందెవరు వెళ్లారు?"

"నేనే."

"మీరెందుకు వెళ్లారు?"

"వాన పడింది. పైగా అతను వస్తాడనిపించింది."

"అతనెందుకు వచ్చాడు?"

బజారు, ట్రాం పట్టాలు, ఇంజన్లు, గ్రంథాలయం, అన్నీ ఒకదాని వెనక ఒకటి డిటెక్టివ్ కళ్ల ముందు తిరిగాయి. ప్రతిచోటా ముందున్నది ఆయనే.

"ఆరు రోజులూ మీ వెనకాలే తిరిగాడండీ ఆ మనిషి. మీరు రాసింది ఆయన ఎక్కడికి వెళ్లాడో కాదు, మీరు ఎక్కడికి వెళ్లారో." భార్య నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. కాగితం మడతపెట్టి ఆయన చేతిలోనే పెట్టింది. "నాకు చూపించాల్సింది చూపించారు. నా షరతు తీరింది. తర్వాత మీ ఇష్టం."

అలా అనకుండా నాలుగు తిట్టినా ఆయనకి సుఖంగా ఉండేది. కాగితం జేబులో ఉంది, నోరు మూసుకుంటే జీవితాంతం డిటెక్టివే. అవతల ఒక ఇల్లాలు పెట్టె సర్దుకుంటోంది, ఎవరిదో తెలియని ఉయ్యాల కోసం.

మర్నాడు మూడు ముప్పావుకి ఆయన మళ్లీ దీపం దగ్గర నిలబడ్డాడు. కిర్రు, టక్ మొదలైంది. అగ్నిమాపక కేంద్రం దాకా మామూలుగానే నడిచాడు. అక్కడ ఆగి, జీవితంలో మొదటిసారి తన వెనకాల ఉన్నది ఎవరో చూద్దామని తిరిగాడు.

ఎదురుగా సన్నటి మనిషి, బట్టతల, ముఖంలో కంగారు. ఆ మనిషి డిటెక్టివ్ భుజం మీదుగా ముందుకు తొంగి చూస్తూ అడిగాడు.

"ఏమండీ, ఇప్పుడే ఇటు ఒక టోపీ ఆయన వెళ్లారు. చూశారా?"

"నేనేనండీ" అన్నాడు డిటెక్టివ్.

"కాదండీ, ఆయన ఇంకా పెద్దమనిషి తరహాగా ఉంటారు."

డిటెక్టివ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కాని వేరే దారి లేక, పళ్లు నూరుకుంటూ, వెనక్కి తిరిగి వీపు చూపించాడు.

"అదిగో, మీరే! హమ్మయ్య, ఎక్కడ తప్పిపోయారో అని హడలిపోయాను!"

ఇద్దరూ పక్కనున్న అరుగు మీద కూర్చున్నారు. డిటెక్టివ్ నిజం చెప్పేశాడు. గడియారాలాయన కోపం తెచ్చుకోలేదు, తలవంచుకున్నాడు.

"షాపులో అరవై మూడు గోడ గడియారాలున్నాయండీ. గంట కొట్టాయంటే ఒక్కటీ ఇంకోదానితో కలవదు. ఒకటి ఆపితే ఒకటి, ఐదారు నిమిషాలు. పొద్దున్న చెవుల్లో దూది పెట్టుకుని ఓర్చుకుంటాను. మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది. నాలుగూ ఐదూ తప్పించుకుంటే ఆరింటిలోపు షాపు కట్టేస్తాం. అందుకని పారిపోతున్నాను. వాచీ చూస్తే ఒళ్లు మండుతుందండీ, అందుకే అది కూడా వదిలేసి వస్తాను."

"మరి మీ ఆవిడతో చెప్పొచ్చు కదా?"

"అవి వాళ్ల నాన్నగారు కూడబెట్టినవండీ. అన్నీ కొడుతుంటే ఆయన ఇంట్లో తిరుగుతున్నట్టుంటుందట ఆవిడకి. ఇంక ఏ నోటితో చెప్పను?" గడియారాలాయన ఖాళీ మణికట్టు తడుముకున్నాడు. "వాచీ లేకపోయేసరికి ఎప్పుడు తిరిగి రావాలో తెలిసేది కాదు. ఒకరోజు మీరు ముందు పోతూ కనిపించారు. పని మీద పోయే మనిషిలా ఉన్నారు, వెనకపడ్డాను. ఐదుంబావుకల్లా మళ్లీ మా వీధిలో దింపారు. అప్పట్నుంచి హాయిగా ఉందండీ. ఏ ఆలోచనా అక్కర్లేదు. మీ వెనకాల నిలబడితే చాలు, మీరే తీసుకెళ్తారు, మీరే తీసుకొస్తారు."

ఆ మాట డిటెక్టివ్ గుండెలో ముల్లులా దిగింది. అంటే మళ్లీ లిఫ్టే! మూడు నెలలు వీధులన్నీ తిరిగి, లిఫ్టుని తెచ్చి నేల మీద నడిపాడన్నమాట.

"మరి ఉయ్యాలల షాపులోకి ఎందుకొచ్చారండీ?" అన్నాడు నీరసంగా.

"మీరు వెళ్లారు కదా. మీకు మనవడు పుట్టాడేమో అనుకున్నాను. మనసులో సంతోషించాను కూడా."

డిటెక్టివ్ లేచి ఆయన చెయ్యి పట్టుకుని, ఈసారి పక్కపక్కనే, షాపుకి లాక్కెళ్లాడు. వెళ్లేసరికి ఐదుకి ఒక్క నిమిషం తక్కువ. కౌంటరు పక్కన తోలు పెట్టె కట్టి ఉంది. షాపావిడ ఇద్దర్నీ చూసి నిప్పులు కక్కేలోపల డిటెక్టివ్ ఆవిడకి ఎదురుగా నిలబడి, ముఖంలోకి చూస్తూ, "అమ్మా, నేను పప్పులో కాలేశాను. మీ ఆయన..." అన్నాడు.

అంతే, ఐదు కొట్టింది.

ఒకటి గణగణా, ఒకటి డంగుడంగున, ఒకటి కోకిల కూసినట్టు, ఒకటి పళ్లెం కింద పడ్డట్టు. డిటెక్టివ్ ఉపన్యాసమంతా ఇచ్చేశాడు, ఒక్క ముక్క వినపడలేదు. ఆవిడ "ఏమిటీ?" అని అరిచింది, అదీ వినపడలేదు. డిటెక్టివ్ చేతులతో ఉయ్యాల ఊపినట్టు చేసి, కాదు కాదని తల ఊపి, తన వీపు చూపించి, ఎడాపెడా నడిచి చూపించాడు. పిచ్చెక్కిందనుకుని ఆవిడ మొగుడి వైపు చూసింది.

ఇరవై రెండేళ్లుగా ఆవిడ కౌంటర్లో వీధి వైపు తిరిగి కూర్చుంది. ఆయన ఆవిడ వీపు వెనక బల్ల దగ్గర కూర్చున్నాడు. గంటలు కొట్టేటప్పుడు ఆవిడ కళ్లు మూసుకుని తండ్రిని తలుచుకునేది. ఆయన ముఖం ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ తిరిగి చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆయన రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, కళ్లు గట్టిగా బిగించి, వడగళ్ల వానలో చిక్కుకున్నవాడిలా గోడకి నక్కి ఉన్నాడు. అరవై మూడోది కొట్టడం ఆగేదాకా ఆవిడ అలా చూస్తూనే ఉంది.

"నాతో చెప్పొచ్చు కదండీ" అంది చివరికి.

"మీ నాన్నగారు కదా" అన్నాడాయన.

"మా నాన్న కూడా ఇంత గోల చేసేవాడు కాదు!" అని కళ్లు తుడుచుకుని, ఆవిడ స్టూలు లాక్కుని ఎక్కి ఒక్కొక్క లోలకమే ఆపుకుంటూ వచ్చింది. చివరన మూల ఉన్న పాత గడియారం ఒక్కటి వదిలిపెట్టింది. "మా నాన్న తరఫున ఈయన ఒక్కడూ మాట్లాడితే చాలు."

డిటెక్టివ్ జేబులోంచి కాగితం తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇది తప్పుడు కాగితమండీ. నాకొద్దు" అని గుమ్మం వైపు తిరిగాడు. పీట, పిడి, ఆరంతస్తులు ఆయన కళ్ల ముందు కనపడుతున్నాయి.

"ఎక్కడికి పోతున్నారు? ఇటు తిరగండి" అంది షాపావిడ. కాగితం చింపి, కొత్తది తీసి రాసింది: 'మా ఆయన ఎక్కడికీ పోలేదు. కేసు తేలింది.' సంతకం పెట్టి, ఒకసారి ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీ ముక్కు మీద పుట్టుమచ్చ ఉందే! ఇన్నాళ్లూ చూడనే లేదు."

ఒకటో తారీకు పొద్దున డిటెక్టివ్ బీమా ఆఫీసుకి వెళ్లాడు. మెట్లెక్కి ఆరో అంతస్తుకి చేరి, ఆయాసం తీర్చుకుని, మేనేజరుగారి బల్ల మీద లిఫ్టు పిడి తాళంచెవి పెట్టాడు.

మేనేజరుగారు తలెత్తారు. "ఎవరండీ మీరు?"

అలవాటు ఆయన భుజాన్ని పట్టుకుని వెనక్కి తిప్పబోయింది. సగం తిరిగాడు కూడా. ఆగి, మళ్లీ ఇటే తిరిగి, కాళ్లు నేలకి గట్టిగా ఆనించి నిలబడ్డాడు.

"మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందే" అన్నారు మేనేజరుగారు, కళ్లజోడు సర్దుకుంటూ.

"లేదండీ, మీరు నన్నెప్పుడూ చూడలేదు. ఇవాళే చూస్తున్నారు" అన్నాడు డిటెక్టివ్. మేనేజరుగారు తాళంచెవి చూశారు, ఆయన ముఖం చూశారు, మళ్లీ తాళంచెవి చూశారు. ఆ తర్వాత ఎందుకో కుర్చీలోంచి సగం లేచారు. డిటెక్టివ్ ఆయన పూర్తిగా లేచేదాకా ఆగి, వస్తానని చెప్పి, మెట్ల మీదుగానే కిందికి దిగాడు.

కింద హాల్లో బల్ల మీద భార్య కూర్చుని ఉంది, మెట్లకి వీపు పెట్టి. ఆయన ఆఖరి మెట్టు దిగకముందే, తల తిప్పకుండా అంది:

"సెలవు దొరికినవాడిలా రెండు కాళ్లూ ఒకేసారి ఆనిస్తున్నారే. పదండి, మేక కోటంతా నమిలేసింది, కొత్తది చూద్దాం."